రేసింగ్ ఆట చేయాలనుకుంటున్నాం: సిమ్యులేషన్‌కు గిరాకీ ఉంటుందా, ఆర్కేడ్‌కు ఉంటుందా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. నలుగురు మిత్రులు కలిసి ఒక రేసింగ్ వీడియో గేమ్ తయారు చేయాలనుకుంటున్నారు. ఇద్దరికి అసెట్టో కోర్సా అనే సిమ్యులేషన్ ఆట అంటే ప్రాణం, మిగతా ఇద్దరూ ఫోన్లో ఆస్ఫాల్ట్ అనే ఆర్కేడ్ ఆట ఆడుతూ పెరిగారు. చేతిలో ఏడాదిన్నరకు సరిపడా డబ్బుంది. నిజమైన కారులా నడిచే సిమ్యులేషన్ చేస్తే కొనేవాళ్లు ఉంటారా, ఎవరైనా ఆడగలిగే ఆర్కేడ్ చేస్తేనే గిట్టుబాటవుతుందా అని అడిగారు.

సూటిగా చెప్తాను. తలల లెక్కలో ఆర్కేడ్‌దే పైచేయి, అదీ చాలా తేడాతో. అయినా నలుగురి జట్టుకు నేను ఆర్కేడ్ సలహా ఇవ్వను. ఒకే రకం పోటీని తీసుకుని, కంప్యూటర్ మీద, ప్యాడ్‌తో (చేతుల్లో పట్టుకుని ఆడే కంట్రోలర్‌తో) కూడా హాయిగా ఆడగలిగే ఒక చిన్న సిమ్యులేషన్ చేయమంటాను. కారణాలు కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ విషయంలో అందరూ ముందు అమ్మకాల అంకెలు చూసి, ఆ అంకెల వెనక ఉన్న మనిషిని చూడకుండా నిర్ణయం తీసుకుంటారు.

నా నేపథ్యం: పదమూడేళ్లుగా ఆటల్లో వాహనాల నడక రాసే పనిలో ఉన్నాను. అంటే టైరు ఎంత పట్టు ఇవ్వాలి, బ్రేకు తొక్కితే బరువు ఎటు మళ్లాలి, బొటనవేలు కొంచెం కదిపితే చక్రం ఎంత తిరగాలి, ఇవన్నీ లెక్కగట్టి కోడ్‌గా మార్చడం. దానితోపాటు హైదరాబాద్‌లో నాలుగేళ్లు ఒక చిన్న గది నడిపాను. స్టీరింగ్, పెడళ్లు, సీటు బిగించిన మూడు రిగ్గులు, గంటకు ఇంత అని రుసుము. ఈ విషయంలో నాకు తెలిసిన దాంట్లో సగం ఆ గదిలో జనం వెనక నిలబడి చూసి నేర్చుకున్నదే.

ముందు అంకెలు. నింటెండో స్విచ్ మీద 2017లో వచ్చిన మారియో కార్ట్ 8 డీలక్స్ అనే ఆర్కేడ్ ఆట ఒక్కటే 6 కోట్ల కాపీలు దాటింది. గ్రాన్ టురిస్మో శ్రేణి మొత్తం, అంటే 1997 నుంచి పాతికేళ్లలో వచ్చిన ఆటలన్నీ కలిపితే 9 కోట్లు. సిమ్యులేషన్ పేరు పెట్టుకుని ఇంతగా అమ్ముడైన శ్రేణి ఇంకొకటి లేదు. ఇంకా మంచి పోలిక మైక్రోసాఫ్ట్ ఇంట్లోనే ఉంది. ఫోర్జా మోటార్‌స్పోర్ట్, ఫోర్జా హొరైజన్ రెండూ ఒకే సాంకేతిక పునాది మీద కట్టినవి. మొదటిది ట్రాక్ మీద ల్యాపులు తిప్పే ఆట, రెండోది పొలాల్లోంచి, ఇసుకతిన్నెల మీదుగా ఎటు కావాలంటే అటు దూసుకెళ్లే ఆట. 2021 నవంబరులో మెక్సికో నేపథ్యంగా వచ్చిన హొరైజన్ 5కు మొదటి వారంలోనే కోటి మంది ఆటగాళ్లు వచ్చారు. 2023 అక్టోబరులో వచ్చిన మోటార్‌స్పోర్ట్ అంతటి ఆదరణకు దరిదాపుల్లోకి కూడా రాలేదు. 2025 జులైలో మైక్రోసాఫ్ట్ చేసిన ఉద్యోగాల కోతలో దాన్ని తయారుచేసిన టర్న్ 10 స్టూడియో చాలామందిని కోల్పోయింది. ఆ స్టూడియోలో వాహనాల నడక మీద పనిచేసిన వాళ్ల నైపుణ్యాన్ని నేను ఎంతో గౌరవిస్తాను. ఆ వార్త చదివిన రోజు నాకు పని సాగలేదు.

ఇంత తేడా ఎందుకు? గ్రాఫిక్సో, కార్ల సంఖ్యో, ప్రచారమో కారణమని చెప్తుంటారు. నా అనుభవంలో అసలు తేడా ఒక్కచోట ఉంది. ఆటగాడు తప్పు చేసిన మరుక్షణం ఆట ఏం చేస్తుంది? ఆర్కేడ్ ఆ తప్పును కడిగేస్తుంది. సిమ్యులేషన్ ఆ తప్పును మీ ముందు పెట్టి, దిద్దుకోమంటుంది. గిరాకీ, ధర, ఆటగాడు ఎన్నేళ్లు ఉంటాడన్నది, ఏ యంత్రం మీద అమ్మాలన్నది అన్నీ ఇక్కడి నుంచే పుడతాయి.

కొంచెం లోపలికి వెళ్లి చూపిస్తాను. నిజమైన టైరు మలుపులో పక్కకు జారే కోణం పెరిగేకొద్దీ పట్టు పెరుగుతూ పోతుంది, ఒక శిఖరానికి చేరుతుంది, ఆ తర్వాత తగ్గడం మొదలవుతుంది. ఆ దిగువ వాలులోకి జారితే కారు మన మాట వినదు. నడపడంలో నైపుణ్యమంతా ఆ శిఖరం అంచున నిలబడటమే. ఆర్కేడ్ ఆటకు కోడ్ రాసేటప్పుడు మేం మొదట చేసే పని ఆ దిగువ వాలును చదును చేయడం. ఎంత జారినా పట్టు పోదు. పైగా కారు ముక్కు మీరు చూడాలనుకున్న దిక్కుకే తిరిగేలా కనిపించని చెయ్యి ఒకటి తోస్తుంటుంది. వెనకబడితే కాస్త వేగం కలుపుతాం, ముందున్నవాడికి కాస్త తగ్గిస్తాం. మారియో కార్ట్ 8 డీలక్స్‌లో అయితే చిన్నపిల్లలు దారి తప్పి పడిపోకుండా కారును తనే మళ్లించే స్మార్ట్ స్టీరింగ్ ఉంది. ఆరేళ్ల పాప తాతయ్యతో కలిసి ఆడి, ఇద్దరూ చివరి వరకు రేసులో ఉండగలిగారంటే దాని వెనక ఎంతో శ్రమతో చేసిన రూపకల్పన ఉంది. ఆర్కేడ్ అంటే తేలికగా చేసేసే పని అని మీ ఇద్దరు మిత్రులు అనుకుంటే ఆ అభిప్రాయం మార్చుకోమనండి. ఒక నిజమైన టైరుకు ప్రచురితమైన లెక్కలు ఉంటాయి, సరదాకు ఉండవు.

సిమ్యులేషన్ వైపు ఏం జరుగుతుందో మా గదిలో చూసిన ఒక సంగతి చెప్తాను. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ అనే విద్యుత్ కార్ల రేసు జరిగింది. ఆ తర్వాత కొన్ని వారాలు మా రిగ్గులు ఖాళీగా ఉండలేదు. ఒక ఆదివారం తొమ్మిదో తరగతి అబ్బాయి, వాళ్ల నాన్న వచ్చారు. అబ్బాయికి ఇటలీలోని మోంజా ట్రాక్ పెట్టాను. పొడవాటి తిన్నటి దారిలో గంటకు 260 కిలోమీటర్లు దాటిన వేగంతో వచ్చి మొదటి మలుపుకు రెండో గేరులోకి దిగాలి. అతను యాక్సిలరేటర్ నేలకు తొక్కిపట్టి, మలుపు కనిపించాక బ్రేకు వేశాడు. కారు గిర్రున తిరిగి కంకరలో ఆగింది. రెండోసారీ అంతే. మూడోసారి తిరిగాక చేతులు స్టీరింగ్ మీంచి తీసేశాడు. ‘ఇది పాడైంది అంకుల్’ అన్నాడు.

ఆ తర్వాత తండ్రి కూర్చున్నారు. ఇరవై ఏళ్లుగా ఆర్టీసీ బస్సు నడుపుతున్నారట. సీటు సరిచేసుకున్నారు, అద్దాల కోసం చూశారు, నెమ్మదిగా బయలుదేరారు. మొదటి మలుపుకు చాలా ముందే బ్రేకు మీద కాలు పెట్టి, కొద్దికొద్దిగా వదులుతూ లోపలికి తిప్పారు. ల్యాపు చాలా నిదానంగా సాగింది, కానీ ఒక్క చక్రం కూడా దారి దాటలేదు. దిగుతూ ఆయన అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది: ‘బ్రేకు తొక్కితే బరువు ముందుకు వస్తున్నట్టు చేతికి తెలుస్తోందండీ.’ మరుసటి ఆదివారం ఒక్కరే వచ్చారు. ఆ తర్వాత ఏడాది పాటు నెలకు రెండుసార్లు వచ్చేవారు.

అబ్బాయికి ఆ రోజే పట్టు సాయం, బ్రేకు సాయం అన్నీ పెట్టి మళ్లీ కూర్చోబెట్టాను. ఇరవై నిమిషాలు ఆనందంగా ఆడాడు, కానీ తిరిగి రాలేదు. నా గది ఖాతా పుస్తకం ఇదే కథను నాలుగేళ్లు చెప్పింది. ఒక్కసారి వచ్చి వెళ్లినవాళ్లు చాలామంది, వాళ్లందరికీ సరదా కావాలి. మళ్లీమళ్లీ వచ్చినవాళ్లు కొద్దిమంది, వాళ్లకు తమ ల్యాపు సమయంలో అర సెకను తగ్గాలి. అద్దె కట్టింది ఆ కొద్దిమందే.

మార్కెట్‌లోనూ ఇదే జరుగుతోంది. 1998లో పాపిరస్ అనే అమెరికన్ సంస్థ గ్రాండ్ ప్రీ లెజెండ్స్ అనే ఆట తెచ్చింది. 1967 నాటి ఫార్ములా వన్ కార్లు, రెక్కలు లేనివి, సన్నని టైర్లవి. అప్పటి కంప్యూటర్లకు అది భారం, ఆటగాళ్లకు అది గోడ. విమర్శకులు మెచ్చుకున్నారు, అమ్మకాలు నిరాశపరిచాయి. పాపిరస్ వ్యవస్థాపకుల్లో ఒకరైన డేవ్ కేమర్ తర్వాత జాన్ హెన్రీతో కలిసి ఐరేసింగ్ స్థాపించారు. 2008లో జనానికి అందుబాటులోకి వచ్చిన ఈ సేవకు నెలనెలా లేదా ఏడాదికి చందా కట్టాలి. మొదట ఇచ్చే కొన్ని కార్లు, ట్రాకులు తప్ప మిగతావి ఒక్కొక్కటి విడిగా కొనాలి. లేజర్‌తో కొలిచిన ట్రాకులు, సమయ పట్టిక ప్రకారం రేసులు, ఎదుటివాడిని గుద్దితే పడిపోయే భద్రతా రేటింగు ఉంటాయి. అదే రకం ఆటగాడు, అంతే కఠినమైన ఆట. మారింది డబ్బు తీసుకునే పద్ధతి. ఒక్కసారి డబ్బా అమ్మే పద్ధతిలో నిలవలేనిది, ఏళ్ల తరబడి ఉండే కొద్దిమంది మీద నిలబడింది. 2020 మార్చిలో కోవిడ్ వల్ల అసలు రేసులు ఆగిపోయినప్పుడు నాస్కార్ అనే అమెరికన్ కార్ల రేసుల డ్రైవర్లు ఇళ్లలో కూర్చుని ఐరేసింగ్‌లో పోటీపడితే, టీవీలో ఆ మొదటి ప్రసారాన్ని 9 లక్షల మంది చూశారు.

సిమ్యులేషన్ ఆటగాడు ఆటకు మించి ఖర్చు పెడతాడని కూడా గుర్తుంచుకోండి. మన దగ్గర మొదటి మెట్టు స్టీరింగ్ సెట్టుకే సుమారు 30 వేల రూపాయలు. ఆపైన మోటారును నేరుగా స్టీరింగ్ ఇరుసుకు బిగించిన డైరెక్ట్ డ్రైవ్ రకాలు లక్షల్లోకి వెళ్తాయి. అంత పెట్టినవాడికి ఆట ధర పెద్ద విషయం కాదు. తన స్టీరింగ్‌కు న్యాయం చేసే ఆట దొరకడం పెద్ద విషయం. అయితే ఇక్కడా ప్రమాదం లేకపోలేదు. ఈ స్టీరింగ్ సెట్ల రంగంలో అగ్రశ్రేణి పేరైన ఫనాటెక్ మాతృసంస్థ ఎండోర్ 2024లో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది, చివరికి కంప్యూటర్ పరికరాల సంస్థ కోర్సెయిర్ ఆ వ్యాపారాన్ని కొన్నది. లాక్‌డౌన్‌లో వచ్చిన గిరాకీని శాశ్వతమనుకోవద్దని చెప్పడానికే దీన్ని ప్రస్తావిస్తున్నాను.

ఇప్పుడు ఆర్కేడ్ వైపు. ‘జనం ఎక్కువ కాబట్టి అదే భద్రం’ అన్న ఆలోచనకు 2010 మే నెల చాలు. ఆ ఒక్క నెలలో డిస్నీ నుంచి స్ప్లిట్ సెకండ్, యాక్టివిజన్ నుంచి బ్లర్ వచ్చాయి. రెండూ చక్కటి ఆటలు, నేను రెండూ పూర్తి చేశాను. రెండూ ఒకే ఆటగాడి కోసం పోటీపడ్డాయి, రెండూ అమ్ముడవలేదు. బ్లర్ చేసిన బిజార్ క్రియేషన్స్ 2011 ఫిబ్రవరిలో మూతపడింది. స్ప్లిట్ సెకండ్ చేసిన బ్లాక్ రాక్ అదే ఏడాది ఆ దారే పట్టింది. ఆర్కేడ్ ఆటగాడికి రేసింగ్ ఒక్కటే వినోదం కాదు. ఈ రాత్రి కారు, రేపు తుపాకీ, ఎల్లుండి ఫుట్‌బాల్. అతని సాయంత్రం కోసం మీరు ప్రపంచంలోని ఆటలన్నిటితో పోటీపడాలి. అందుకు మారియోలా పేరున్న పాత్రో, పెద్ద ప్రచారమో, కన్సోల్ సంస్థ అండో ఉండాలి. నలుగురికి ఆ మూడింట్లో ఏదీ ఉండదు.

ఫోన్ మార్కెట్ ఇంకా కఠినం. ఫిన్లాండ్‌కు చెందిన ఫింగర్‌సాఫ్ట్ 2012లో తెచ్చిన హిల్ క్లైంబ్ రేసింగ్‌లో రెండే పెడళ్లు, గ్యాస్, బ్రేకు. ఆ ఆట, దాని రెండో భాగం కలిపి 100 కోట్ల డౌన్‌లోడ్లు దాటాయి. మన ఊళ్లలో చౌక ఫోన్లలో కూడా అది కనిపిస్తుంది. మనమూ అలాంటిదొకటి చేద్దామని చాలామంది అనుకున్నారు, నేనూ ఒక సంస్థలో అలాంటి ప్రయత్నంలో పనిచేశాను. ఆట బాగానే వచ్చింది. ఒక్కో డౌన్‌లోడ్‌కు ప్రకటనల మీద పెట్టిన ఖర్చు, ఆ ఆటగాడి నుంచి వచ్చిన ఆదాయం కన్నా ఎక్కువైంది. ఎనిమిది నెలల్లో ఆపేశారు. ఉచిత ఆటల్లో గెలిచేది ప్రకటనలకు డబ్బు పోయగలిగినవాళ్లే.

‘అయితే రెండింటికీ మధ్యలో చేస్తాం’ అంటారేమో. మధ్యలో ఉండటం తప్పు కాదు, నమ్మి వచ్చినవాడిని మధ్యలో వదిలేయడం తప్పు. 2013లో కోడ్‌మాస్టర్స్ గ్రిడ్ 2 తెచ్చినప్పుడు కారు లోపలి నుంచి చూసే దృశ్యాన్ని తీసేసింది. దాన్ని వాడేది ఆటగాళ్లలో 5 శాతమేనని లెక్క చూపింది. లెక్క సరైనదే అయ్యుండొచ్చు. కానీ ఆ 5 శాతమే ఆట గురించి రాసేవాళ్లు, వీడియోలు తీసేవాళ్లు, పదిమందికి సలహా చెప్పేవాళ్లు. వాళ్ల కోపం ఎంత పెద్దదైందంటే మరుసటి ఏడాది గ్రిడ్ ఆటోస్పోర్ట్‌లో ఆ దృశ్యాన్ని తిరిగి తేవాల్సి వచ్చింది. ప్రాజెక్ట్ కార్స్ కథ ఇంకా బాధాకరం. మొదటి రెండు భాగాలు టైర్ల అరుగుదల, ఇంధనం, మారే వాతావరణం అంటూ సిమ్యులేషన్ అభిమానులను కూడగట్టాయి. 2020లో మూడో భాగంలో టైర్ల అరుగుదల, ఇంధనం, పిట్ స్టాపులు అన్నీ మాయమయ్యాయి. పాతవాళ్లు వెళ్లిపోయారు. కొత్తవాళ్లు రావడానికి కారణమేమీ కనిపించలేదు, వాళ్లకు అప్పటికే హొరైజన్ ఉంది. 2022 నవంబరులో, అప్పటికి ఆ శ్రేణి చేతిలో ఉన్న ఈఏ సంస్థ దాన్నే ఆపేసింది.

దీనికి ఎదురుగా గ్రాన్ టురిస్మోను చూడండి. 1999లో వచ్చిన రెండో భాగం పెట్టెలో రెండు డిస్కులు ఉండేవి, ఒకటి ఆర్కేడ్, ఇంకొకటి సిమ్యులేషన్. అన్న ఒక డిస్కు, తమ్ముడు ఇంకో డిస్కు. సిమ్యులేషన్ డిస్కులో కూడా అసలు ఆకర్షణ రేసు కన్నా ముందే మొదలయ్యేది. పాత కార్ల దుకాణంలో బేరం, లైసెన్సు పరీక్షలు, కొద్దికొద్దిగా డబ్బు కూడబెట్టి ఇంజను మార్చడం. రేసులో ఓడినా గ్యారేజీలో ఏదో ఒకటి మిగిలేది. గ్రాన్ టురిస్మో సృష్టికర్త కజునోరి యమౌచి బృందం చేసిన గొప్ప పని ఇదేనని నా అభిప్రాయం: కఠినత్వాన్ని తగ్గించకుండా ఓటమి నొప్పిని తగ్గించారు.

యూరో ట్రక్ సిమ్యులేటర్ 2ను కూడా మరచిపోవద్దు. 2012లో ప్రాగ్ నుంచి వచ్చిన ఈ ఆట కోటికి పైగా అమ్ముడైంది. అందులో రేసే లేదు, సరుకు ఎక్కించుకుని దూరాలు నడపడమే. అది చూశాకే నాకు స్పష్టమైంది: జనం పారిపోయేది నిజమైన నడక నుంచి కాదు, క్షమించని పోటీ నుంచి. అసెట్టో కోర్సాను చూసినా ఇదే తెలుస్తుంది. ఇటలీలోని కూనోస్ 2014లో ట్రాక్ రేసుల కోసం చేసిన ఆట అది. ఇప్పుడు దాన్ని ఆడేవాళ్లలో ఎంతోమంది అభిమానులు తయారుచేసిన టోక్యో ఎక్స్‌ప్రెస్ హైవే మీద స్నేహితులతో కబుర్లు చెప్పుకుంటూ, వాహనాల మధ్యలోంచి నడుపుతుంటారు. నడక పూర్తిగా సిమ్యులేషన్‌దే, దానితో చేస్తున్నది సరదా ప్రయాణం. మీ నలుగురిలో రెండు పక్షాలూ ఒప్పుకోగలిగే చోటు ఇదేనని నాకనిపిస్తోంది.

అందుకే మీకు నా సలహా చిన్న సిమ్యులేషన్. లైవ్ ఫర్ స్పీడ్ అనే సిమ్యులేషన్‌ను ముగ్గురే తయారు చేశారు. 2003 నుంచి దాన్ని ఆడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. చిన్న జట్టు లేజర్‌తో ట్రాకులు కొలవలేదు, వంద కార్లు చేయలేదు. ఒక్క కారును ప్రాణం పెట్టి చేయగలదు. మట్టి రోడ్డు ర్యాలీ తీసుకోండి, లేదా కొండదారి పరుగులు తీసుకోండి. అక్కడ ఎదురు కార్లు ఉండవు కాబట్టి కంప్యూటర్ ప్రత్యర్థుల తెలివి రాసే ఏడాది పని తప్పుతుంది. తప్పు చేస్తే పది సెకన్లు వెనక్కి వెళ్లే మీట పెట్టండి, ఇష్టం లేనివాళ్లు దాన్ని ఆపేసుకుంటారు. ప్యాడ్‌ను మొదటి రోజు నుంచే పరీక్షించండి. స్టీరింగ్ ఉన్నవాళ్లు మీ ఆటను పొగుడుతారు, ప్యాడ్ ఉన్నవాళ్లు కొంటారు.

ఒక హెచ్చరిక. అభిమానం ఉన్నంత మాత్రాన ఆదాయం రాదు. 2004లో వచ్చిన రిచర్డ్ బర్న్స్ ర్యాలీని ఇరవై ఏళ్ల తర్వాత కూడా అభిమానులు కొత్త దారులు, కార్లు జోడించుకుని ఆడుతున్నారు. తయారుచేసిన సంస్థ మాత్రం ఎప్పుడో మూతపడింది. కాబట్టి విడుదల తర్వాత ఏడాదికోసారి కొత్త కారో, కొత్త దారో అమ్మే ప్రణాళిక ఇప్పుడే రాసుకోండి.

మొదటి రెండు నెలల్లో ఒక కారు, రెండు కిలోమీటర్ల దారి మాత్రమే చేయండి. ఇరవై మందిని పిలిచి ఆడించండి, వాళ్లలో సగం మంది రేసింగ్ ఆటలు ఆడనివాళ్లు కావాలి. మీరు నోరు విప్పకుండా వెనక నిలబడండి. ఎవరు ఎంత వేగంగా వెళ్లారన్నది రాయొద్దు. మొదటిసారి దారి తప్పాక వాళ్లు మళ్లీ మీట నొక్కడానికి ఎన్ని సెకన్లు తీసుకున్నారో రాయండి. రెండోసారి, మూడోసారి తప్పాక కూడా రాయండి. మా ఫోన్ ఆటలో ఆ విరామం ప్రతి తప్పుకూ పెరుగుతూ పోయింది, మేం దాన్ని పట్టించుకోలేదు. రిగ్గు మీద ఆ ఆర్టీసీ డ్రైవరు విషయంలో అది తగ్గుతూ వచ్చింది.

నిజమైన కార్ల పేర్లు వాడొచ్చా అని చివర్లో అడిగారు. తయారీ సంస్థల అనుమతి లేకుండా వద్దు. అనుమతి దొరికినా అది గడువుతో వస్తుంది. ఫోర్జా హొరైజన్ 4 అంతటి ఆటను కూడా 2024 డిసెంబరులో లైసెన్సుల గడువు తీరడంతో అమ్మకం నుంచి తీసేశారు. మీ కారు ఆకారం, పేరు మీరే సృష్టించుకోండి. ఇంజను శబ్దం మాత్రం ఒక నిజమైన పాత కారు దగ్గర మైకు పెట్టి రికార్డు చేయండి. దానికయ్యే ఖర్చు ఒక రోజు అద్దె, ట్యాంకు పెట్రోలు.